ప్రశ్నగా మిగిలిన నవల: ‘ఇన్ హిజ్ స్టెప్స్’ పాఠకాభిప్రాయాల చరిత్ర

ఉపోద్ఘాతం

ధర్మబోధ ప్రధానంగా గల నవలను ఏ ప్రమాణంతో అంచనా వేయాలన్నది విమర్శలో తెగని చర్చ. విశ్వాసి దానిని జీవన మార్గదర్శిగా, సంస్కర్త కార్యసాధనంగా, విమర్శకుడు కళారూపంగా చూస్తారు. ఈ మూడు చూపులు పొసగకపోవడానికి అభిరుచి భేదం ఒక్కటే కారణమా? లేక ఆ రచన స్వభావంలోనే అందుకు మూలం ఉన్నదా? అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర రాజధాని టొపీకాలో సంఘ కాపరిగా పనిచేసిన చార్లెస్ ఎం. షెల్డన్ (1857–1946) నవల ‘ఇన్ హిజ్ స్టెప్స్’పై వచ్చిన భిన్నాభిప్రాయాల ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు మన అలంకారశాస్త్రంలోని ఒక విభజన ఉపకరిస్తుంది. ఓరుగల్లు ఆస్థానంలో వెలసిన ‘ప్రతాపరుద్రీయం’ ఆరంభంలో విద్యానాథుడు ఉపదేశం మూడు విధాలన్న సంప్రదాయాన్ని స్మరించాడు. వేదం ప్రభువు వలె శాసిస్తుంది, పురాణం మిత్రుని వలె హితవు చెబుతుంది, కావ్యం కాంత వలె సరసంగా ఒప్పిస్తుంది. పరాయి నవలను ఈ చట్రంలో బంధించడం ఇక్కడి ప్రయత్నం కాదు. ఒకే గ్రంథంలో ఏ పాఠకునికి ఏ స్వరం వినబడిందో గుర్తించడానికి మాత్రమే ఈ విభజనను గ్రహించడమైనది.

శ్రోతల నుంచి పాఠకులకు

ఈ నవలకు తొలి గ్రహీతలు శ్రోతలు. ఆదివారపు సాయంకాల ఆరాధనకు జనాన్ని ఆకర్షించడానికి షెల్డన్ ప్రసంగానికి బదులుగా కథను అధ్యాయాల వారీగా చదివి వినిపించే పద్ధతి చేపట్టాడు. 1896లో ‘ఇన్ హిజ్ స్టెప్స్’ అలాగే టొపీకా సెంట్రల్ కాంగ్రిగేషనల్ చర్చిలో వారం వారం వినిపించింది. మన పురాణకాలక్షేపంలో వలె శ్రోతలు ఒకరికొకరు తెలిసినవారు, చెప్పేవాడు వారందరికీ తెలిసినవాడు. కథలోని చర్చి తమ చర్చి వంటిదే. ఆ సభలో ఇది సుహృత్సమ్మితమైన మాట.

షికాగో నుంచి వెలువడే ‘అడ్వాన్స్’ పత్రికలో ధారావాహికగా వచ్చి, 1897లో పుస్తకరూపం పొందడంతో ఈ పరిస్థితి మారింది. పత్రికవారు గ్రంథస్వామ్య నమోదును సక్రమంగా జరపలేదు. ఆ లోపం బయటపడగానే అమెరికాలోను, బ్రిటన్‌లోను అనేక ప్రచురణకర్తలు అనుమతి లేకుండానే చౌక ప్రతులు అచ్చువేశారు. మూడు కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయన్న మాట చాలాకాలం ప్రచారంలో ఉంది. ఎవరికి వారు అచ్చువేసుకున్న పుస్తకానికి నమ్మదగిన మొత్తం తేల్చడం కష్టం. అయితే రచయితను ఎరుగని పాఠకుల చేతికి ఈ గ్రంథం చేరిందన్నది నిస్సందేహం. భిన్నాభిప్రాయాలకు భూమిక అక్కడ ఏర్పడింది.

ప్రతిజ్ఞ, దాని హద్దులు

రేమండ్ అనే పట్టణంలోని సంపన్న చర్చికి కాపరి హెన్రీ మాక్స్‌వెల్. లైనోటైప్ యంత్రం రావడంతో ఉపాధి కోల్పోయిన ఒక అచ్చుపనివాడు ఆరాధన మధ్యలో లేచి, ఇక్కడ పాడుతున్న భక్తిగీతాలకూ బయట తనవంటివారి బ్రతుకుకూ సంబంధం ఏమిటని నిలదీస్తాడు. అక్కడే కుప్పకూలి, కొన్ని రోజులకే మరణిస్తాడు. ఆ కలవరంలో మాక్స్‌వెల్ సభ్యులను ఒక ప్రతిజ్ఞకు ఆహ్వానిస్తాడు. ఏడాదిపాటు ఏ పనికైనా ముందు, ఈ స్థితిలో యేసు ఏమి చేసేవాడని ప్రశ్నించుకోవాలి. ఫలితం ఏదైనా దాని ప్రకారమే నడవాలి.

పత్రికాసంపాదకుడు నార్మన్ ముష్టియుద్ధ వార్తలను, మద్యం ప్రకటనలను మానుతాడు. రైల్వే కర్మాగారపు అధికారి పవర్స్ కంపెనీ చట్టోల్లంఘనను బయటపెట్టి ఉద్యోగం వదులుకుంటాడు. గాయని రేచల్ వృత్తిపరమైన అవకాశాన్ని కాదని పేదవాడలోని డేరా కూటాలలో పాడుతుంది. రచయిత జాస్పర్ చేస్ మాత్రం ప్రతిజ్ఞ తప్పి, వినోదమే పరమార్థంగా గల నవల రాసి పేరు గడిస్తాడు. ఈ పాత్ర విమర్శకులకు ముఖ్యం. కళ కోసమే కళ అనే దృష్టిని ఈ నవల తన కథలోనే దోషిగా నిలబెట్టింది. తనను ఏ కొలతతో చూడకూడదో పాఠకునికి ముందే చెప్పింది. అందువల్ల దీనిని కళారూపంగా మాత్రమే తూచిన పాఠకుడు మొదటి నుంచీ దానితో తగవులోనే ఉంటాడు.

వార్తాపత్రికలో పరీక్ష

ఈ గ్రంథంపై అభిప్రాయభేదం అత్యంత స్పష్టంగా బయటపడిన సందర్భం 1900 మార్చి. నార్మన్ కథలో చేసిన పనిని నిజంగా చేసి చూపమని ‘టొపీకా డైలీ కాపిటల్’ దినపత్రిక ఒక వారం సంపాదకత్వాన్ని షెల్డన్‌కు అప్పగించింది. సుమారు 11 వేల ప్రతుల పత్రికకు గిరాకీ 3 లక్షల 60 వేలకు మించిపోయింది. నేరవార్తలు తగ్గాయి. ఆదివారపు సంచికకు బదులు శనివారం సాయంత్రమే మతపఠనీయ విషయాలతో సంచిక వెలువడింది. తొలి సంచికలో అగ్రస్థానం భారతదేశపు కరువుకు దక్కింది. పశ్చిమ, మధ్య భారతాలను పీడించిన 1899–1900 నాటి ఆ క్షామానికి సహాయం కోరుతూ పత్రిక విజ్ఞప్తి చేసింది.

అభిమానులకు ఇది విశ్వాసం ఆచరణలోకి వచ్చిన ఘట్టం. పాత్రికేయులలో పలువురికి ఇది వార్తలు లేని మతపత్రిక. ఈ రెండు తీర్పులు ఎదురెదురుగా కనిపించినా రెండింటిలోనూ కొంత సత్యం ఉంది. దూరదేశపు ఆకలిని మొదటి పుటకు తెచ్చిన అంతరాత్మే, పాఠకుడు ఏది తెలుసుకోకూడదో కూడా తానే నిర్ణయించింది. మిత్రవాక్యం అధికారం చేతికి రాగానే ప్రభువాక్యమయింది. అంతకన్నా గమనింపదగిన విషయం మరొకటి ఉంది. యేసు ఏమి చేసేవాడన్న ప్రశ్నకు సమాధానం చెప్పే హక్కు ఆ వారం ఒక్క సంపాదకునికే దక్కింది.

తరువాతి విమర్శ

క్రైస్తవ సామాజిక సువార్త ఉద్యమ చరిత్రలో ఈ నవలకు స్థిరమైన స్థానం ఉంది. పాపాన్ని వ్యక్తిలోనే కాక వ్యవస్థలో కూడా చూసిన ఉద్యమమది. ఈ స్థానాన్ని 1971లో పాల్ బాయర్ ‘అమెరికన్ క్వార్టర్లీ’ వ్యాసంలో పునఃపరిశీలించాడు. నవల అసలు ఆసక్తి పేదల స్థితి మీద కన్నా మధ్యతరగతి అంతరంగంలోని శూన్యత మీద, భయాల మీద ఉందని ఆయన ప్రతిపాదన. పేదవాడ చిత్రణ పలుచగా ఉండడం, సారా దుకాణమే ప్రధాన శత్రువుగా కనిపించడం దీనికి బలం చేకూరుస్తాయి.

అయితే బాయర్ వాదం గ్రంథం పుట్టుకను వివరించినంతగా దాని ప్రభావాన్ని వివరించదు. 1990లలో ఆ ప్రశ్నలోని ఆంగ్ల పదాల తొలి అక్షరాలు గల చేతిపట్టీలు అమెరికన్ యువతలో విరివిగా వ్యాపించాయి. వాటిని ధరించడానికి నవల చదవనక్కరలేదు. కథ వెనుకబడి ప్రశ్న మిగిలింది. కళాదృష్టికి ఇది వైఫల్యం, బోధదృష్టికి పరమ సాఫల్యం.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలేది ఇది. ఈ నవలపై అభిప్రాయభేదం పాఠకుల అభిరుచి నుంచి మాత్రమే పుట్టలేదు. గ్రంథంలోనే ఇద్దరు ప్రశ్నించేవారు ఉన్నారు. మొదటివాడు నిరుద్యోగి. అతడు మొత్తం సంఘాన్ని ప్రశ్నించాడు. రెండవవాడు కాపరి. ఆయన ఆ ప్రశ్నను వ్యక్తి అంతరాత్మకు మళ్ళించాడు. మొదటి ప్రశ్న విన్నవారికి ఇది సామాజిక నవల, రెండవ ప్రశ్న విన్నవారికి భక్తిగ్రంథం. నిరుద్యోగి కథారంభంలోనే మరణించడం వల్ల, ప్రశ్న మళ్ళిన తీరును అడ్డుకొనేవారు కథలో లేకపోయారు.

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922)తో పోల్చినప్పుడు ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. అదీ ప్రయోజనాన్ని దాచుకోని నవలే. కాని అక్కడ రామదాసు కుటుంబం ఇతరుల దయకు పాత్రమై ఆగిపోదు, ధర్మాన్ని గురించి తానే ఆలోచిస్తుంది, మాట్లాడుతుంది. ప్రబోధ నవలను బోధ ఉన్నందుకే తక్కువ చేయడం గాని, ప్రతుల సంఖ్యను బట్టి గొప్ప చేయడం గాని విమర్శ కాజాలదు. అందులో ప్రశ్న అడిగే హక్కు ఎవరిది, అడిగినవాడు కథ చివరిదాకా బ్రతికి ఉన్నాడా అని చూడడమే తగిన ప్రమాణం.