చదరపు అట్ట చెప్పిన చదువు

1976 డిసెంబరు 2. లండన్‌లో థేమ్స్ ఒడ్డునున్న బ్యాటర్సీ విద్యుత్ కేంద్రం చుట్టూ ఫొటోగ్రాఫర్లు కెమెరాలు బిగించుకుని ఎదురుచూస్తున్నారు. ఆ కేంద్రపు భారీ పొగగొట్టాల మధ్య గులాబీ రంగు పంది ఒకటి గాలిలో తేలాలి. అది నలభై అడుగుల బెలూను. పింక్ ఫ్లాయిడ్ బృందం కొత్త ఆల్బమ్ 'యానిమల్స్' కోసం ఈ హడావుడి అంతా. ఆలోచన బృందంలోని రోజర్ వాటర్స్‌ది, బొమ్మ తీసిపెట్టే పని హిప్నోసిస్ అనే డిజైన్ సంస్థది. ఆ రోజు మబ్బుల సందుల్లోంచి వెలుతురు జారుతూ ఆకాశం అద్భుతంగా ఉంది. పంది మాత్రం లేవలేదు. మర్నాడు లేచింది, కానీ తాడు తెగి కొట్టుకుపోయింది. హీత్రూ విమానాలకు అంతరాయం కలిగించి, చివరికి కెంట్ ప్రాంతంలో ఒక రైతు పొలంలో దిగింది. దాన్ని వెతికి తెచ్చి, మూడో రోజు మళ్లీ ఎగరేశారు. ఈసారి పంది కుదురుగా నిలిచింది గానీ ఆకాశంలో మబ్బు తునక లేదు, మొదటి రోజు గాంభీర్యమూ లేదు.

హిప్నోసిస్ వాళ్లు మొదటి రోజు ఆకాశాన్ని ఉంచుకున్నారు. మూడో రోజు పందిని అంచుల వెంబడి కత్తిరించి ఆ ఆకాశంలో అతికించారు. అతుకు తెలియకుండా దిద్దారు. 1977 జనవరిలో ఆల్బమ్ వచ్చింది. ఈ రోజు ఫొటోషాప్ ముందు కూర్చున్న కుర్రాడెవరైనా ఈ పనిని రెండు లేయర్లు, ఒక మాస్క్ అని తేల్చేస్తాడు. ఫొటోషాప్‌లోకి లేయర్లు వచ్చింది 1994లో, 3.0 వెర్షన్‌తో. పంది అప్పటికే పదిహేడేళ్లుగా ఆ అట్ట మీద ఎగురుతోంది.

కంప్యూటర్లో బొమ్మలు దిద్దడం నేర్చుకునేవాళ్లు ఆల్బమ్ అట్టలతోనే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. మెనూ తర్వాత మెనూ వరుసగా వల్లె వేయించే పద్ధతిలో, ఏ మీట ఏం చేస్తుందో తెలుస్తుంది గానీ అది ఎందుకు కావాలో తెలియదు. అట్టకు కట్టుబాట్లున్నాయి. ఆకారం చదరం, దాన్ని మార్చే వీల్లేదు. పాడినవారి పేరు, ఆల్బమ్ పేరు, ఒక బొమ్మ, అంతకుమించి చోటు లేదు. చెవికి సంబంధించిన దాన్ని కంటికి అప్పజెప్పాలి. పని చిన్నదే, ఒక్కరే కూర్చుని పూర్తి చేయవచ్చు. అయినా ఫొటో, రంగు, అక్షరం, కూర్పు, అన్నీ అందులో పడతాయి. గత ఎనభై ఏళ్లలో గొప్ప డిజైనర్లు చాలామంది ఈ చదరంలోనే పని నేర్చుకున్నారు.

అందరికంటే ముందు చెప్పుకోవలసింది అలెక్స్ స్టైన్‌వైస్ పేరు. న్యూయార్క్‌లోని పార్సన్స్ స్కూల్లో చదివి, పోస్టర్ల కళాకారుడు జోసెఫ్ బైండర్ దగ్గర సహాయకుడిగా పనిచేసి, ఇరవై రెండు ఇరవై మూడేళ్ల వయసులో కొలంబియా రికార్డ్స్‌లో చేరాడు. అప్పట్లో గ్రామఫోన్ ప్లేట్లు నాలుగైదు కలిపి పుస్తకంలా కుట్టి అమ్మేవారు. పైన మట్టి రంగు అట్ట, దాని మీద పేరు, అంతే. దుకాణంలో వాటిని చూసి వ్యాపారులే సమాధి రాళ్లు అనేవారు. ప్రతి సంపుటికీ బొమ్మ వేద్దామని ఈ కుర్రాడు యాజమాన్యాన్ని ఒప్పించాడు. 1940లో రాడ్జర్స్, హార్ట్‌ల పాటల సంపుటికి తొలి అట్ట చేశాడు. ఇంపీరియల్ థియేటర్ వాళ్లను అడిగి, ముందున్న దీపాల బోర్డు మీద అక్షరాలు మార్పించి, ఆల్బమ్ పేరు పెట్టించి, రాత్రి వేళ ఫొటో తీయించాడు. దాని మీద రికార్డు గాడుల్లాంటి వలయాలు చుట్టాడు. ఊళ్లో ఉన్న ఒక నిజమైన వస్తువును తన అవసరానికి తగ్గట్టు మార్చి ఫొటోలోకి తెచ్చుకోవడం అనే ఎత్తుగడ ఆ తొలి అట్టలోనే ఉంది. ఆ తర్వాత అట్ట మార్చిన బీథోవెన్ మూడో సింఫనీ అమ్మకాలు ఎన్నో రెట్లు పెరిగాయని న్యూస్‌వీక్ పత్రిక రాసింది. 1948లో ఒక్క ప్లేటు మీదే ఎక్కువసేపు మోగే ఎల్‌పీ రికార్డు వచ్చినప్పుడు దానికి సరిపోయే పలుచని అట్ట కవరును రూపొందించడంలోనూ స్టైన్‌వైస్ చేయి ఉంది.

హిప్నోసిస్ వ్యవస్థాపకులు స్టార్మ్ థోర్గర్సన్, ఆబ్రీ పవెల్ గ్రాఫిక్ డిజైన్ చదివినవాళ్లు కారు. థోర్గర్సన్ లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో సినిమా విద్యార్థి. 1968లో స్నేహితులైన పింక్ ఫ్లాయిడ్ వాళ్లు తమ రెండో ఆల్బమ్‌కు అట్ట చేసిపెట్టమన్నారు. ఆ ఒక్క పనే వాళ్లను ఈ వృత్తిలోకి దింపింది. మొదట్లో కాలేజీ డార్క్‌రూమ్ వాడుకున్నారు. చదువు ముగిసి ఆ వీలు పోయాక పవెల్ ఇంటి స్నానాల గదినే డార్క్‌రూమ్‌గా మార్చుకున్నారు. ఆ తొలి అట్ట ఎన్నో బొమ్మలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయే కూర్పు. ఒక్కో ముక్కనూ విడిగా ముద్రించి, వెలుతురుకు అడ్డుపెట్టి, మళ్లీ వదిలి కలిపారు. ఎవరూ వాళ్లకు పాఠం చెప్పలేదు. అట్ట అడిగిన ప్రతి కొత్త ప్రశ్నకూ ఒక పనితనం నేర్చుకుంటూ పోయారు.

1973లో లెడ్ జెప్లిన్ 'హౌసెస్ ఆఫ్ ది హోలీ'కి చేసిన పని చూడండి. ఉత్తర ఐర్లండ్‌లోని జెయింట్స్ కాజ్‌వే అనే చోట, నేలలోంచి మొలిచినట్టు ఆరు పలకల నల్లరాతి స్తంభాలు సముద్రంలోకి మెట్లు కట్టి ఉంటాయి. అక్కడ సూర్యోదయం వేళ పిల్లలు రాళ్లెక్కుతున్న బొమ్మ కావాలనుకున్నారు. రోజుల తరబడి వాన వదల్లేదు. పవెల్ చివరికి రంగులు వదిలేసి నలుపు తెలుపులో తీశాడు. ఉన్నది ఇద్దరే పిల్లలు, అక్కా తమ్ముడూ. వాళ్లనే వేర్వేరు చోట్ల, వేర్వేరు భంగిమల్లో తీసి, ప్రింట్లు కత్తిరించి కలిపితే పదకొండు మంది అయ్యారు. ఆపైన చేత్తో రంగులద్దారు. ఊదా, నారింజ కలిసిన ఆ విచిత్రమైన ఆకాశం ముందుగా అనుకున్నది కాదు. అద్దేటప్పుడు అలా వచ్చింది. చూడగానే బాగుందని ఉంచేశారు.

నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు. మీ ఊరి గుట్ట మీదో, చెరువు గట్టు మీదో కెమెరాను స్టాండు మీద బిగించి, ఒకే మనిషిని ఆరు చోట్ల నిలబెట్టి ఆరు ఫొటోలు తీయండి. ఒక్కో ఫొటోను ఒక్కో లేయర్‌గా పేర్చి, మాస్క్‌తో మనిషిని మాత్రం ఉంచి మిగతాది దాచండి. మొదటి ప్రయత్నంలోనే నాలుగు సంగతులు ఎదురవుతాయి. మొదటి ఫొటోకూ ఆఖరి ఫొటోకూ మధ్య ఎండ కదిలి నీడల దిక్కు మారిపోతుంది. జుట్టు అంచు కత్తితో కోసినట్టు కనబడుతుంది. ఒకడి కాలు ఇంకొకడి నీడ మీద పడుతుంది. ఒక ముక్క నునుపుగా, పక్కది ఇసుక చల్లినట్టుగా ఉంటుంది. అంచును ఒకటి రెండు పిక్సెళ్లు మెత్తబరచడం, నీడను విడి లేయర్‌లో మల్టిప్లై పద్ధతిలో వేయడం, చివర్లో అన్నిటి మీదా ఒకే మోతాదు గ్రెయిన్ పరవడం అప్పుడు తమంతట తామే అవసరంగా వచ్చి నిలుస్తాయి. అవసరం పడి నేర్చుకున్న పరికరం మరి మరిచిపోరు.

ఫొటోషాప్ పరికరాల పెట్టెను కాస్త నిదానించి చూస్తే పాత డార్క్‌రూమ్ కనబడుతుంది. పుల్ల చివర నల్ల బిళ్ల ఉన్న గుర్తు డాడ్జ్. ముద్రణ కాగితం మీద వెలుతురు పడుతుండగా, సన్న తీగకు గుచ్చిన అట్టబిళ్లను ముఖం మీద ఆడిస్తే అక్కడ వెలుతురు తక్కువ పడి ముఖం తేటగా వస్తుంది. పక్కనున్న ముడిచిన చేయి గుర్తు బర్న్. వేళ్ల మధ్య సందు చేసి ఆ సందులోంచి మరికాస్త వెలుతురు వదిలితే ఆకాశం నల్లబడుతుంది. క్విక్ మాస్క్ నొక్కితే తెర మీద ఎరుపు పొర వస్తుందే, అది కూడా ఊరికే ఎంచుకున్న రంగు కాదు. ప్రెస్సుల్లో రూబీలిత్ అనే ఎర్రటి ఫిల్మును సన్నని కత్తితో కోసి బొమ్మ చుట్టూ మాస్క్ కట్టేవారు. అచ్చు పనిలో వాడే లిత్ ఫిల్ముకు ఎరుపు కనబడదు, అందుకే ఆ రంగు.

ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. ఫొటోషాప్ రాసిన థామస్ నోల్, జాన్ నోల్ అన్నదమ్ములు. మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో వాళ్ల నాన్న ఇంటి నేలమాళిగలో డార్క్‌రూమ్ పెట్టుకున్న ప్రొఫెసర్. పిల్లలిద్దరూ అక్కడ ప్రింట్లు వేస్తూ పెరిగారు. 1987లో డాక్టరేట్ చేస్తూ థామస్ తన మాకింతోష్ తెర మీద బూడిద రంగు ఛాయలు చూపించడానికి డిస్‌ప్లే అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. సినిమా ఎఫెక్టుల సంస్థ ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో పనిచేస్తున్న జాన్ అది చూసి, దాన్ని పెద్దది చేద్దామన్నాడు. 1990 ఫిబ్రవరిలో అడోబ్ సంస్థ ఫొటోషాప్ 1.0 విడుదల చేసింది.

పనితనం ఒక్కటే చాలదనడానికి పీటర్ సావిల్ ఉదాహరణ చాలు. 1979లో జాయ్ డివిజన్ తొలి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్'కు బృందం వాళ్లే ఒక ఖగోళ విజ్ఞాన సర్వస్వంలోని బొమ్మ తెచ్చిచ్చారు. సీపీ 1919 అనే పల్సర్ నుంచి వచ్చిన రేడియో తరంగాల గీతలు, పర్వత పంక్తిలా ఒకదాని వెనక ఒకటి. పుస్తకంలో తెల్ల కాగితం మీద నల్ల గీతలు. సావిల్ వాటిని తిరగేసి, నలుపు మీద తెల్ల గీతలు చేశాడు. ముందు వైపు పేరు కూడా వేయలేదు. ఇప్పుడు కంట్రోల్, ఐ కలిపి నొక్కితే అయిపోయే పని అది. కానీ ఆ గీతల చుట్టూ అంత చీకటి వదలాలనీ, పేరు అక్కర్లేదనీ ఏ మీటా చెప్పదు. న్యూయార్క్‌లో బ్లూ నోట్ జాజ్ రికార్డులకు వందల అట్టలు చేసిన రీడ్ మైల్స్‌దీ ఇదే దారి. జాకీ మెక్లీన్ 'ఇట్స్ టైమ్' అట్టంతా ఆశ్చర్యార్థకాలతో నింపి, ఫొటోను ఒక మూల చిన్న ముక్కకు పరిమితం చేశాడు.

ఒక అట్ట కథ మన దేశానికీ తాకింది. 1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' కోసం పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులు ప్రముఖుల నిలువెత్తు కటౌట్లు నిలబెట్టి ఫొటో తీయించారు. యోగానంద, ఆయన గురువు యుక్తేశ్వర్ గిరి, లాహిరీ మహాశయులు అందులో ఉన్నారు. గాంధీజీ కటౌట్ కూడా సిద్ధమైంది. భారతదేశంలో అభ్యంతరం వస్తుందని ఈఎంఐ అధిపతి జోసెఫ్ లాక్‌వుడ్ పట్టుబట్టడంతో తుది బొమ్మలో గాంధీజీ లేకుండా పోయారు. ఫొటోలోంచి మనిషిని తీసేయడం చేతనైన రోజు, తీయవచ్చా అన్న ప్రశ్న కూడా విద్యార్థి ముందు పెట్టాలి.

తెలుగులో సినిమా పాటల రికార్డులకూ, ఆ తర్వాత క్యాసెట్లకూ ఎక్కువగా సినిమా పోస్టరు బొమ్మే కుదించి వేసేవారు. అందుకే మన అట్టల చరిత్ర పోస్టర్ల చరిత్రలో కలిసిపోయింది. బాపు తీసిన 'సాక్షి' సినిమాతో మొదలుపెట్టి దశాబ్దాలపాటు పోస్టర్లు వేసిన ఈశ్వర్ 'సినిమా పోస్టర్' అని పుస్తకమే రాశారు. ఆ తరం చిత్రకారులు పేరును కుంచెతో రాసేవారు. బొమ్మకు తగ్గట్టు ఒత్తును వంచేవారు, దీర్ఘాన్ని సాగదీసేవారు. కంప్యూటర్ వచ్చాక ఆ చేతిరాత తగ్గిపోయి, డీటీపీ సెంటర్లలో ఉన్న నాలుగు ఫాంట్లే అన్నిటి మీదా కనబడ్డాయి. నాకు ఇది నిజమైన నష్టంగా తోస్తుంది.

తెలుగు పేరుతో అట్ట చేసేవారికి ఇంగ్లిష్ నమూనాలు సాయపడని చోటు ఇదే. ఆ పెద్దక్షరాలకు పైనా కిందా సమంగా గీత గీయవచ్చు. 'జ్యోత్స్న' అని రాసి చూడండి. ఒత్తుల కోసం కింద ఎంత చోటు వదలాలో, రెండో వరుసను ఎంత దించాలో తెలుస్తుంది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అక్షరాల సెట్టింగ్‌లో దక్షిణాసియా లిపులకు తగిన ఎంపిక పెట్టకపోతే ఒత్తులు విడిపోయేవి. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, సూరన్న, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. రామభద్ర లావు అక్షరం, పేరుకు బాగుంటుంది. ఫాంట్‌తో అక్షరాలు పేర్చుకున్నాక వాటిని గీతలుగా మార్చి, ఒక్క ఒత్తునైనా చేత్తో దిద్దమని నా సలహా. ఫొటోషాప్ కొనలేనివారికి జింప్ ఉంది, అందులోనూ లేయర్లు, మాస్కులు ఉన్నాయి.

కొలతలు ముందే పెట్టుకోవాలి. పన్నెండు అంగుళాల ఎల్‌పీ అట్టను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే కనీసం 3600 పిక్సెళ్ల చదరం కావాలి. సీడీ పుస్తకం 12 సెంటీమీటర్లు, దానికి 1417 చాలు. పాటల యాప్‌లు సాధారణంగా 3000 పిక్సెళ్ల బొమ్మ అడుగుతాయి, చూపించేది మాత్రం బొటనవేలి గోరంత. కాబట్టి 3600లో చేసి, 100కు కుదించి పక్కన పెట్టుకుని పని సాగించాలి. అక్కడ ఒత్తులు ముద్దయిపోతే అక్షరం మార్చాలి, బొమ్మ తెలియకపోతే వస్తువులు తగ్గించాలి.

ఇక ఏ పాటకు చేయాలి? 78 స్పీడు ప్లేట్ల కాలంలో మన లలిత గీతాలూ, నాటక పద్యాలూ కంపెనీ పేరు మాత్రమే ఉన్న కాగితం తొడుగుల్లో, నడుమ గుండ్రటి కంతతో వచ్చాయి. రావు బాలసరస్వతీదేవి పాడిన లలిత గీతాలకూ, ఘంటసాల తొలి ప్రైవేటు పాటలకూ, రంగస్థల నటుల పద్యాల ప్లేట్లకూ సొంత అట్టలు లేవు. వాటిలో మీకు నచ్చినది ఒకటి తీసుకోండి, కళ్లు మూసుకుని పదిసార్లు వినండి, తర్వాత 3600 పిక్సెళ్ల ఖాళీ చదరం తెరవండి.