రెండు లష్కరులు
(సైనిక శిక్షణ కేంద్రమున బదిలీలు, ఆటలు, సహజీవనము)

షోలాపురమున సదర్ బజారు ప్రాంతమందు లష్కరు అను పేట కలదు. సికిందరాబాదునకును లష్కరనియే మారుపేరు. ఆషాఢమాసమున అచ్చటి ఉజ్జయినీ మహాకాళికి జరుగు జాతరను జనులు నేటికిని లష్కరు బోనములనియే పిలుచుచున్నారు. లష్కరనగా సైన్యము, సైన్యపు విడిది. మన పెద్దలు మగ్గములతో వచ్చి స్థిరపడిన యూరికిని, వారు విడిచివచ్చిన తెలంగాణమందలి పట్టణమునకును ఒకే పేరు అంటియుండుట చిన్న విషయమే. అయినను ఈ వ్యాసము వ్రాయు తలంపు మాకు దానివలననే కలిగినది.

1818 మే నెలలో థామస్ మన్రో షోలాపురపు కోటను పేష్వా సైన్యమునుండి వశపరచుకొనెను. దత్తమండలముల కలెక్టరుగానుండి రాయలసీమ రైతుల నోట నిలిచిన మన్రోయే యీతడు. పిదప ఈ యూర కంటోన్మెంటు వెలసి, తరువాత ఎత్తివేయబడినను, పేటల పేర్లు మాత్రము మిగిలినవి. మన తాతల తరమువారికి సైన్యమనిన 1930వ సంవత్సరమే జ్ఞప్తికి వచ్చెడిది. గాంధీమహాత్ముని నిర్బంధించిన పిమ్మట ఊరు తిరుగబడగా, మే 12వ తేదీన ఇచ్చట మార్షల్ లా విధింపబడెను. 1931 జనవరి 12వ తేదీన మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుసేన్ అను నలుగురిని యెరవాడ చెరసాలలో ఉరితీసిరి. మా నాయనమ్మ ఖాకీ బట్ట కంటబడిన తలుపు మూసికొనెడిది. అందుచే 1980లో మేము సికిందరాబాదులోని ఒక సైనిక శిక్షణ కేంద్రమున గుమాస్తాగా కుదిరినప్పుడు, ఇంటివారు సంతోషించుటకు మారు కంటతడి పెట్టిరి.

ముప్పదియెనిమిది సంవత్సరములు అచ్చట పనిచేసి మరల మన పూర్వభాగమునకు చేరితిమి. మేము తుపాకి పట్టినవారము కాము, కలము పట్టినవారము. అయినను గుమాస్తా బల్ల ముందు కూర్చున్నవానికి కవాతు మైదానమున కనబడని సంగతులు కొన్ని కనబడును. వానిని మనవారికి తెలుపుట మా కర్తవ్యమని తోచినది.

సికిందరాబాదు, హైదరాబాదు పరిసరములలో ఇట్టి కేంద్రములు పెక్కు గలవు. సైన్యపు యంత్రములను, వాహనములను మరమ్మతు చేయు ఇ.ఎం.ఇ. దళము రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1943లో ఏర్పడినది. దాని కేంద్రము ఒకటి సికిందరాబాదున నున్నది. సామగ్రిని భద్రపరచి సరఫరా చేయు ఆర్డినెన్సు దళపు కేంద్రమును అచ్చటనే కలదు. గోల్కొండ చెంత ఫిరంగిదళపు కేంద్రమున్నది. పల్లెనుండి వచ్చిన కుర్రవాడు రిక్రూటుగా వీనిలో ప్రవేశించి, కొన్ని నెలలకు సిపాయియై వెడలిపోవును. వానికి నేర్పు హవల్దారులును, వారిపై సుబేదారులును, అందరిపై కమాండెంటును సైతము కొద్ది సంవత్సరములే అచ్చట నుందురు. బదిలీ ఉత్తరువు రాగానే పెట్టె కట్టవలసినదే.

మా కొలువు కాలమున పదుగురికి మించిన కమాండెంట్లు వచ్చిరి, పోయిరి. ఒకరు కోపిష్ఠి, ఒకరు శాంతుడు; ఒకరికి తోటలపై మక్కువ, ఒకరికి హాకీపై మక్కువ. మొదటి రెండు బదిలీలు చూచినప్పుడు, ఇక ఈ కేంద్రము గతి యేమగునోయని మేము బెంగపడితిమి. మూడవసారికి సంగతి బోధపడినది. పోవువాడు వచ్చువానికి చార్జి అప్పగించును. ఏ గదిలో ఏమున్నది, ఏ పని సగములో నిలిచినది, ఎవరికి ఏమి మాట యిచ్చితిమి అనునదంతయు కాగితముపై నుండును. సిపాయి పెండ్లి, బిడ్డ పుట్టుక, సెలవు, బదిలీ, ఇవి యన్నియు ‘పార్టు టూ ఆర్డరు’ అను పత్రములలో కెక్కవలెను. ఎక్కని బిడ్డకు రావలసిన సౌకర్యములు నిలిచిపోవును. ఆ పత్రములను టైపు చేయునప్పుడు మా వ్రేళ్లు తడబడకుండ జాగ్రత్తపడెడివారము. ఒక్క యక్షరము తప్పినను ఎచ్చటనో మంచుకొండలలో నున్న తండ్రికి చిక్కు వచ్చునని మా పై గుమాస్తా నేర్పియుండెను.

వీడ్కోలు సైతము పద్ధతి ప్రకారమే జరుగును. వెడలిపోవు అధికారి నెక్కించుకొన్న జీపునకు త్రాళ్లు కట్టి, తోడివారు దానిని చేతులతో లాగి సాగనంపుట సైన్యమందొక యాచారము. ఆ దృశ్యము చూచినప్పుడెల్ల మాకు శ్రావణ పూర్ణిమనాడు మన వీధులలో సాగు మార్కండేయ మహర్షి రథము జ్ఞప్తికి వచ్చెడిది. భేదమేమనగా, అచ్చట మరుసటి యుదయమున కుర్చీలో క్రొత్త మనిషి కూర్చుండును. పని యథాప్రకారము సాగును.

బదిలీలు దేవతలను సైతము తెచ్చినవి. 1813లో కలరా వ్యాపించిన కాలమున సురిటి అప్పయ్య యను డోలీమోపరి తన పటాలముతో ఉజ్జయినికి బదిలీయై, తన యూరు బాగుపడిన దేవిని ప్రతిష్ఠింతునని మ్రొక్కుకొని, 1815లో తిరిగివచ్చి ప్రతిష్ఠించెనని సికిందరాబాదు మహాకాళి యాలయపు స్థలకథ. అధికారుల పేర్లు మరుపునబడినను డోలీ మోసిన అప్పయ్య పేరు నిలిచినది.

ఇక ఆటల సంగతి. సాయంకాలమున ఆట సైన్యమున వినోదము కాదు, విధి. ఫుట్బాలు, వాలీబాలు, హాకీ, బాస్కెట్బాలు, దూరపు పరుగు, వీనిలో ఏదో యొకటి ఆడవలసినదే. దేశవిభజన కల్లోలమున తల్లిదండ్రులను కోల్పోయి శరణార్థియై వచ్చిన మిల్ఖాసింగు మూడు పర్యాయములు తిరస్కరింపబడి, నాల్గవసారి, 1951లో సైన్యమున చేరెను. సికిందరాబాదు ఇ.ఎం.ఇ. కేంద్రమున రిక్రూటులందరు పాల్గొనవలసిన పరుగుపందెమున ఆతడు ఆరవవాడుగా వచ్చెను. మొదటివాడు కాడు, ఆరవవాడు! ఆ యారవవానిని గుర్తించి ప్రత్యేక శిక్షణకు ఎన్నుకొనుటయే ఆ కేంద్రము చేసిన ఘనకార్యము. 1958లో కార్డిఫ్ నగరమున 440 గజముల పరుగులో ఆతడు బంగారు పతకము గెలిచెను. 1960 రోము ఒలింపిక్సున 400 మీటర్ల పరుగులో నాల్గవ స్థానము పొందెను.

దక్షిణదేశపు సైనికుల కథ వేరొక విధమైనది. ఆంగ్లేయులు ‘యుద్ధజాతులు’ అను వాదమును బలపరచి, తెలుగు, తమిళ ప్రాంతములవారు పోరునకు పనికిరారని తలంచి, మదరాసు పటాలములను క్రమముగా తగ్గించి, 1928 నాటికి మదరాసు పదాతి రెజిమెంటును రద్దు పరచిరి. రెండవ ప్రపంచయుద్ధమున మనుష్యులు కావలసివచ్చినంతనే 1941లో దానిని మరల నిలిపిరి. ఆ రెజిమెంటు కేంద్రము నీలగిరులలోని వెల్లింగ్టనున నున్నది. ఆ కేంద్రపు ఫుట్బాలు జట్టు 1955లోను, 1958లోను డ్యూరాండు కప్పును గెలిచినది. ఆ జట్టు గోలు కాచినవాడు హైదరాబాదున జన్మించిన పీటర్ తంగరాజు. ఆతడు పటాలమున చేరునప్పుడు ముందు వరుసలో ఆడువాడు. గోలు కాచుట నేర్చినది అచ్చటనే. పనికిరాదన్న జాతి కప్పులు గెలిచిన వైనమిది.

అంతకన్న మా మనస్సును తాకినది మరియొకటి. సికిందరాబాదు సైనిక ప్రాంతపు అంచున అమ్ముగూడ యను పల్లె కలదు. అచ్చట స్థిరపడిన ఒక తమిళ కుటుంబమున 1936లో తులసీదాసు బలరాం జన్మించెను. ఆతడు 1956 మెల్బోర్నులోను, 1960 రోములోను ఒలింపిక్సున ఆడెను. 1962లో జకార్తాయందు ఆసియా క్రీడల బంగారు పతకము పొందిన భారత జట్టులో నుండెను. తెలుగునాట స్థిరపడిన తమిళుల బిడ్డ యాతడు. మరాఠీనాట స్థిరపడిన తెలుగుల బిడ్డలము మనము. పరభాషా ప్రాంతమున నివసించువారి పిల్లలకు చేరువలో ఆటస్థలమొకటి యుండుట యెంత భాగ్యమో బలరాం కథ చెప్పుచున్నది. ఇటీవలి కాలమున మన మహారాష్ట్రమందే, బీడు జిల్లా మాండ్వా గ్రామపు పేద రైతుబిడ్డ అవినాశ్ సాబ్లే సైన్యమున చేరిన పిమ్మటనే పరుగు నేర్చి, 2022 కామన్వెల్తు క్రీడలలో రజత పతకము గెలుచుకొనెను.

కేంద్రమున సాంఘిక జీవనమును గూర్చి రెండు మాటలు. పండుగలకు ‘బడాఖానా’ యను విందు జరుగును. ఆనాడు అధికారులు, సిపాయిలు ఒక్కచోట కూర్చుండి ఒకే యన్నము తిందురు. మందిరము, మసీదు, గురుద్వారము, చర్చి ఒక్క కప్పు క్రింద నుండు ‘సర్వధర్మ స్థలము’ పెక్కు సైనిక స్థావరములలో కలదు. శిక్షణ ముగిసిన దినమున తమ తమ పవిత్ర గ్రంథముల సాక్షిగా కుర్రవాండ్రు ప్రమాణము చేయుదురు. మొదటి వారమున భాష తెలియక మూలన కూర్చున్న శ్రీకాకుళపు బాలుడు, ఆ ప్రమాణము నాటికి పంజాబీ మిత్రునితో హిందీలో పరిహాసమాడుట మేము ఎన్నియో పర్యాయములు చూచితిమి. వాడు తల్లికి మాత్రము తెలుగుననే ఉత్తరము వ్రాసెడివాడు. ఉభయమును నిలుపుకొనవచ్చునని మాకు వానివలన తెలిసినది.

2018లో మేము షోలాపురమునకు తిరిగివచ్చితిమి. మా బాల్యమున భోంగా కూతతో పేటలను మేల్కొల్పిన పెద్ద మిల్లులు మూతపడియుండెను. అంతకన్న మేము చింతించినది వేరు. మా తండ్రిగారు కసరత్తు చేసిన తాలీమొకటి మా వీధిలో నుండెడిది. దాని ప్రక్క గదిలో తెలుగు పత్రికలు చదువు చోటును ఉండెడిది. దాని కార్యదర్శి యోగ్యుడు. ముప్పది యేండ్లు నిస్స్వార్థముగా నడిపెను. కాని తాళపుచెవి ఆయన మొలత్రాటనే యుండెను. లెక్కలు ఆయన మనస్సుననే యుండెను. ఆయన గతించిన పిదప ఏ కుటుంబము ఏ యూరినుండి వచ్చినదో వ్రాసిన పుస్తకము ఎవరికిని దొరకలేదు. మా తాతగారి యూరిపేరు అందే యుండెను. మా తండ్రిగారిని అడిగి వ్రాసికొనవలెనని మాకును తోచలేదు. ముప్పదియెనిమిది సంవత్సరములు పరుల బిడ్డల పుట్టుకలు జాగ్రత్తగా టైపు చేసిన మేము మా యింటి వంశచరిత్రను పోగొట్టుకొంటిమి. తప్పు ఆయనది మాత్రమే కాదు, మాది కూడ.

నేతపనివారికి వేరుగ చెప్పనక్కరలేదు. పడుగు నిలిచియుండును, పేక వచ్చుచు పోవుచుండును. ఉభయమును కలిసిననే బట్ట. సైనిక కేంద్రమున మనుష్యులు పేకవలె మారుచుందురు. ఆచారము, లెక్క, ఆటస్థలము పడుగువలె నిలుచును. మన సంఘములలో మనుష్యుడే పడుగై కూర్చుండును. ఆతడు తెగిన నేత యంతయు తెగును.

కావున మన పెద్దలకు మా విన్నపములు మూడు. మూడేండ్లకొకసారి కార్యవర్గము మారవలెను. మారునప్పుడు చార్జి కాగితముపై అప్పగింపబడవలెను. సాయంకాలమున గంటసేపు ఆట మన పిల్లలకు విధి కావలెను. మరాఠీ, కన్నడ, ఉర్దూ మాటలాడు ఇరుగుపొరుగు పిల్లలకును ఆ స్థలము తెరచియుండవలెను. ప్రతి కుటుంబము తన పూర్వుల యూరు, వచ్చిన సంవత్సరము, తెలిసినంతవరకు ఒక పుస్తకమున వ్రాయింపవలెను. పుస్తకము కొనుట, గీతలు గీయుట మా వంతు. ఆదివారపు ఉదయములందు మేము ఇంటనే యుందుము. మా కన్నులు ఇంకను బాగుగనే యున్నవి, చేవ్రాత స్పష్టముగనే యున్నది. వచ్చి చెప్పువారికొరకు మొదటి పుట ఖాళీగా నుంచితిమి.