మూత్రం నుంచి పెరాక్సైడ్ దాకా: పళ్ళ తెలుపు కథ

నా మొదటి వీడియో కింద ఎక్కువ లైకులు వచ్చిన కామెంట్ ఏంటో తెలుసా? "అన్నా, కంటెంట్ సూపర్, ముందు పళ్ళు తోముకో." నవ్వేశాను గానీ, ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఒక వైట్‌నింగ్ జెల్ ఆర్డర్ పెట్టాను. అరగంట ఉంచమన్న దాన్ని గంటన్నర ఉంచాను. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ తెలుపు అని మన ఇంజనీర్ బుర్ర లెక్క! తెల్లవారుజాము మూడింటికి గాలి పీల్చినా పళ్ళు జివ్వుమని లాగేశాయి. రెండు రోజులు గోరువెచ్చని నీళ్ళే గతి. అప్పుడే ఈ తెలుపు పిచ్చి ఎక్కడ మొదలైందో చదవడం మొదలుపెట్టాను.

రోమన్ల కాలంలో మూత్రంతో పళ్ళు తోమిన సంగతి చాలామంది వినే ఉంటారు. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దపు కవి కాటల్లస్, ఎగ్నేషియస్ అనే వాడి మెరిసే పళ్ళని ఇదే విషయం మీద ఏడిపించాడు. నిల్వ ఉన్న మూత్రంలో అమ్మోనియా ఉంటుంది, మురికిని వదలగొడుతుంది. ఛీ అనిపించినా, తర్వాత యూరప్ మంగళ్ళు చేసినదానికంటే ఇదే నయం. వాళ్ళు పళ్ళని ఆకురాయితో గీకి, పైన నైట్రిక్ యాసిడ్ పూసేవాళ్ళు. కొన్నాళ్ళు తెల్లగా మెరిసేవి, తర్వాత పుచ్చిపోయేవి. ఎనామెల్ ఒకసారి పోతే మళ్ళీ పెరగదు మరి. రీల్స్‌లో నిమ్మరసం రుద్దమనేవాళ్ళని చూస్తే నాకు ఆ మంగళ్ళే గుర్తొస్తారు.

అసలు మలుపు అనుకోకుండా వచ్చింది. 1960ల చివర్లో అమెరికాలోని ఆర్కాన్సాస్‌లో బిల్ క్లూస్మియర్ అనే డెంటిస్ట్, చిగుళ్ళ వాపు తగ్గడానికి 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ ఉన్న మందుని రాత్రిపూట ట్రేలో వేసుకోమని చెప్పేవాడు. చిగుళ్ళు మానాయి, పళ్ళు కూడా తెల్లబడ్డాయి! ఇరవై ఏళ్ళ తర్వాత, 1989లో, హేవుడ్, హేమన్ అనే ఇద్దరు ఆ పద్ధతి గురించి పేపర్ రాశాక ప్రపంచమంతా పాకింది.

మరి జివ్వు ఎందుకు? ఎనామెల్ కింద ఉండే డెంటిన్‌లో సన్నని గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం. అది కదిలితే లోపలి నరం అరుస్తుంది. 1960ల్లో స్వీడన్‌కి చెందిన బ్రాన్‌స్ట్రోమ్ దీన్ని ప్రయోగాలతో చూపించాడు. పెరాక్సైడ్ అయితే ఇంకా దూరం వెళ్తుంది, నిమిషాల్లోనే లోపలి గుజ్జుదాకా చేరుతుంది. అంటే నేను గంటన్నర ఉంచి సాధించింది తెలుపు కాదు, నరానికి చిరాకు!

ఇంకో విషయం. మా అమ్మమ్మ వాళ్ళది పొదిలి వైపు. అక్కడ చాలామందికి పళ్ళ మీద గోధుమ మచ్చలు, నాకూ ఒకటుంది. చిన్నప్పుడు సరిగ్గా తోమలేదని తిట్లు తినేవాణ్ణి. 1937లోనే షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరోసిస్ గురించి రాశారు. పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. తప్పు బ్రష్‌ది కాదు, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్‌ది. పన్ను తయారయ్యేటప్పుడే పట్టిన మచ్చ అది, ఎంత రుద్దినా పోదు. ఈ మచ్చల వల్ల పెళ్ళిచూపుల్లో నోరు మూసుకుని నవ్విన అక్కలు మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

చివరికి డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ముందు పుచ్చులు, పగుళ్ళు ఉన్నాయేమో చూశారు. రెండు వారాలు పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్ట్ వాడమన్నారు, అది నరాన్ని కాస్త శాంతపరుస్తుంది. తర్వాత నా పళ్ళ కొలతతో చేసిన ట్రేలో అదే పాత 10 శాతం జెల్, పన్నుకి ఒక చుక్క, రోజు విడిచి రోజు. లాగితే ఆపేయమన్నారు. మధ్యలో రెండుసార్లు ఆపాను.

ఆరు వారాలైంది. గోధుమ మచ్చ చాలావరకు పలచబడింది, దాని పక్కనున్న సున్నపు చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. జూమ్ చేస్తే కనిపిస్తాయి, చేసుకోండి.