మిస్కీన్ ఫ్రెంచిలో పిసినారి ఎలా అయ్యాడు?

ఫ్రెంచిలో ‘మెస్కాఁ’ అనే విశేషణం ఉంది. పిసినారి, అల్పబుద్ధి అని అర్థం. దాని స్త్రీలింగ రూపాన్ని ‘మెస్కీన్’ అని పలుకుతారు. మన ఇళ్లలో నోరులేని మనిషిని చూసి ‘బేచారా, మిస్కీన్’ అంటామే, ఆ మాటే ఇది.

అరబ్బీ వ్యాకరణ పండితులు మిస్కీన్‌ను ‘సుకూన్’తో కలిపి చెప్పారు. అంటే లేమి వల్ల కదలలేక ఉండిపోయినవాడు. భాషా చరిత్రకారులు ఇంకా వెనక్కి వెళ్తారు. బాబిలోన్‌లో మాట్లాడిన అక్కాదీ భాషలోని ‘ముష్కేను’ దీని మూలమని, ఆరమాయిక్ మీదుగా అరబ్బీలోకి వచ్చిందని అంటారు. క్రీ.పూ. 18వ శతాబ్దపు హమ్మురాబి శాసనంలో ముష్కేను అంటే పెద్దింటివాడికీ బానిసకూ మధ్య ఉండే మనిషి. పెద్దింటివాడి కన్ను పోగొడితే కన్నుకు కన్ను. ముష్కేను కన్ను పోగొడితే ఒక మినా వెండి జరిమానా, అంతే.

స్పెయిన్‌లో ముస్లింల పాలన 711లో మొదలై 1492లో ముగిసింది. ఆ కాలంలో ఈ మాట స్పానిష్‌లో ‘మెత్‌కీనో’ అయింది. పోర్చుగీసులో ‘మెస్కిన్యు’, ఇటాలియన్‌లో ‘మెస్కీనో’. ఇటాలియన్ నుంచే ఫ్రెంచికి చేరింది. మొదట వీటి అర్థం దీనుడు, దిక్కులేనివాడు అనే. పోనుపోను లేక ఖర్చు పెట్టలేనివాడు కాస్తా, ఉండి కూడా పెట్టనివాడు అయ్యాడు. లేమి పోయి గుణదోషం మిగిలింది! టర్కీలో అయితే ‘మిస్కిన్’ అంటే సోమరి. మలయ్‌లో ‘మిస్కిన్’, స్వాహిలీలో ‘మస్కీని’ మాత్రం ఇప్పటికీ పేదవాడే. ఉత్తర ఆఫ్రికా కుటుంబాల వల్ల ఫ్రెంచి కుర్రకారు నోట ఇదే మాట ‘పాపం’ అనే అర్థంతో రెండోసారి వచ్చింది.

ఖుర్ఆన్ సూరా తౌబా 60వ ఆయత్‌లో జకాత్ హక్కుదారులు ఎనిమిది రకాలు. మొదట ఫకీర్లు, తర్వాత మిస్కీన్లు. హనఫీల ప్రకారం మిస్కీన్ అంటే ఏమీ లేనివాడు. కొద్దోగొప్పో ఉన్నా నిసాబ్‌కు చాలనివాడు ఫకీర్. షాఫయీలు దీన్ని తిరగేసి చెబుతారు. సూరా కహఫ్ 79వ ఆయత్‌లో సముద్రం మీద పడవతో పనిచేసుకునే వాళ్లను కూడా మిస్కీన్లనే అన్నారు. బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉన్న వివరణ ఇంకా సూటిగా ఉంటుంది. ముద్ద కోసం ఇల్లిల్లూ తిరిగేవాడు కాదు, చాలీచాలక ఉన్నా బయటికి తెలియనివ్వకుండా, నోరు తెరిచి అడగనివాడే అసలు మిస్కీన్.

ఉంగుటూరు, నూజివీడు వైపు మామిడి కోత, ప్యాకింగ్, లోడింగ్ పనులు ముఖ్యంగా ఏప్రిల్ నుంచి జూన్ దాకానే. ఈ మధ్య రంజాన్ కోతలకు ముందే వస్తోంది. అంటే పోయిన సీజన్ కూలి డబ్బు అయిపోయి, కొత్తది ఇంకా చేతికి రాని రోజులు. అప్పుడు పది రూపాయలకు లెక్క చూసుకునే ఇల్లాలిని ‘పిసినారి’ అంటే, మనం కూడా ఫ్రెంచివాళ్ల అర్థమే వాడినట్టు. జకాత్, ఫిత్రా లిస్టు రాసేటప్పుడు గుమ్మం ముందుకొచ్చి అడిగినవాళ్ల పేర్లతో ఆపేయకండి. అడగని ఇళ్లు ఏవో వీధిలో వాళ్లకు తెలుసు.