అంగడి మాట - మట్టి సాక్ష్యము

పురాతన వస్తువుల అంగడిలో తుప్పుపట్టిన నాణెమునో, చినిగిన వ్రాతప్రతినో చేతికెత్తుకొనినవాని మనస్సున మొదట కలుగు ప్రశ్న: ఇది ఏనాటిది? చరిత్రజ్ఞానమునకు ఆ కుతూహలమే మూలము. అయితే అమ్మువాడు చెప్పిన సమాధానమునే ప్రమాణముగా గైకొన్నచో ఎంతటి పండితుడైనను మోసపోవచ్చును. మధ్య ఆసియాలో విక్రయింపబడిన కొన్ని గ్రంథముల చరిత్ర ఇందుకు నిదర్శనము.

1890లో హామిల్టన్ బవర్ అను బ్రిటిషు సైనికాధికారి ఒక వర్తకుని చంపిన హంతకుని వెదకుచు తూర్పు తుర్కిస్థానమునకు పోయెను. కూచా పట్టణమున స్థానికుడొకడు అతనికి రెండు చెక్కపలకల నడుమనున్న భూర్జపత్ర గ్రంథమును అమ్మెను. బవరునకు ఆ లిపి తెలియదు. గ్రంథము కలకత్తా చేరగా, 1891లో రుడాల్ఫ్ హోర్న్లే దానిని చదువగలిగెను. లిపి గుప్తుల కాలపు బ్రాహ్మి, భాష సంస్కృతము. వెల్లుల్లి మహిమతో ఆరంభమగు వైద్యభాగము, 'నావనీతకము' అను ఔషధ సంగ్రహము, పాచికలతో శకునము చూచు పద్ధతి, పాముకాటుకు మంత్రము అందు కలవు. అది క్రీస్తు శకము 5, 6 శతాబ్దుల నాటిదని విద్వాంసులు నిర్ణయించిరి. భారతీయ వైద్యము ఎడారి మార్గముల వెంట ఎంతదూరము వ్యాపించెనో లోకమునకు తెలిసినది.

ఇట్టి గ్రంథములకు విలువ కలదని బజారునకును తెలిసినది. కాష్గరునందలి బ్రిటిషు, రష్యా ప్రతినిధులు పోటీపడి కొనసాగిరి. అప్పుడు ఖోతాను నివాసి ఇస్లాం అఖున్, ఎడారి శిథిలములలో దొరికినవని చెప్పి, ఎవరును ఎరుగని లిపులుగల పుస్తకములను తెచ్చి అమ్మెను. అవియును హోర్న్లే వద్దకే చేరెను. కూటసృష్టియేమోయను అనుమానమును ఆయన చర్చించి, త్రోసిపుచ్చి, 1899లో వానిపై నివేదిక ప్రచురించెను.

ఆరెల్ స్టైన్ స్వయముగా ఆ ఎడారి శిథిలములను త్రవ్వించెను. అనేక ప్రాచీన పత్రములు లభించెను గాని, ఆ అజ్ఞాత లిపి గలది ఒక్కటియు దొరకలేదు. 1901లో ఆయన ఖోతానున అఖునును పిలిపించి ప్రశ్నించెను. తాను కేవలము మధ్యవర్తినని అతడు బొంకెను. అంతట స్టైన్, పుస్తకములు తనకెక్కడ దొరికెనో అఖున్ పూర్వము చెప్పిన మాటలను హోర్న్లే నివేదికనుండియే చదివి వినిపించెను. వ్రాతలోనున్న తన మాటకు తానే చిక్కి అతడు నిజము ఒప్పుకొనెను. కొత్త కాగితమునకు చెట్టుబంకతో రంగువేసి, కల్పిత అక్షరములు అచ్చొత్తి, పొగచూరబెట్టి, ఎడారి ఇసుక చల్లుటయే ఆ 'ప్రాచీనత' రహస్యము.

హోర్న్లే తన నివేదిక రెండవ భాగమున పొరపాటును అంగీకరించెను. పిమ్మట బవర్ గ్రంథపు ముద్రణను కొనసాగించి 1912లో పూర్తిచేసెను. తొలి విజయమువలెనే ఈ అంగీకారమును ఆయన పాండిత్యమునకు గౌరవము తెచ్చినది.

నేడు బవర్ గ్రంథము ఆక్స్‌ఫర్డునందలి బోడ్లియన్ గ్రంథాలయమున కలదు. అఖున్ పుస్తకములును లండనులో భద్రముగనే యున్నవి. మన ఇండ్ల అటకలపై రాగిరేకో, పాత నాణెమో కనబడినపుడు వెల అడుగుటకు ముందు అది ఎచ్చట, దేనితోపాటు దొరికెనో వ్రాసి యుంచుట మేలు. ఆ చిన్న వివరము లేక ఎంత విలువైన వస్తువును మూగవోవును.