బొగ్గుగీతల లెక్క

మా తాత గురించి రావులపాలెం చుట్టుపక్కల పాతవాళ్లు ఎవరు మాట్లాడినా ఒక మాట తప్పకుండా అంటారు. "మహా కష్టజీవి. సంసారమంటే ప్రాణం." మా పేటవాళ్లూ అదే అంటారు. ఆయన్ని పాతికేళ్లు పాలేరుగా వాడుకున్న ఆసామి ఇంటివాళ్లూ అదే అంటారు. మావాళ్లు అన్నప్పుడు అందులో ఆయన పడ్డ బాధ వినపడుతుంది. ఆసామి ఇంటివాళ్లు అన్నప్పుడు వాళ్లకి కలిసొచ్చిన లాభం వినపడుతుంది. కష్టజీవి అని పొగిడేస్తే ఆ కష్టం ఎవరి గాదెలో పడిందో చెప్పాల్సిన పని ఉండదు. నేను ఆ లెక్క అడగటానికే ఇది రాస్తున్నాను.

గోదావరి డెల్టాకి చరిత్ర పుస్తకాలకేం తక్కువ లేదు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. బొబ్బర్లంక దగ్గర కాలవలో పడ్డ నీళ్లు లొల్ల లాకుల దగ్గర పాయలుగా చీలి కోనసీమంతా పారాయి. అందుకని ఊరూరా కాటన్ విగ్రహం ఉంది. ఉండనివ్వండి, మాకు ఆయన మీద కోపం లేదు. కానీ ఆ రాళ్లు మోసిందెవరు? ఆ కాలవలు తవ్విందెవరు? ఏటేటా వేసవిలో కాలవలు కట్టేశాక మోకాటిలోతు బురదలో దిగి పూడిక తీసిందెవరు? నీళ్లొచ్చాక భూమి ఉన్నవాడు మోతుబరి అయ్యాడు. లేనివాడు వాడి ఇంట పాలేరయ్యాడు. డెల్టా పచ్చబడటమంటే మా మాలపేటలకి అర్థమైంది ఇదీ.

మా తాత పుట్టేనాటికే ఆయన నాన్నకి ఆసామి దగ్గర బాకీ ఉంది. ఆ బాకీ కింద ఎనిమిదేళ్లప్పుడు పసులకాడికి పంపారు. మీసాలు వచ్చేసరికి పెద్ద పాలేరు. ఉగాదికి ఉగాది జీతం. ఏడాదికి పది బస్తాల ధాన్యం, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి. తొలికోడి కూయకముందే వెళ్లి పేడ తియ్యాలి, పసులకి మేత వెయ్యాలి. సార్వాకి దమ్ము, ఆకుమడి, ఊడ్పు, కోత, కుప్పనూర్పు. ఆ వెంటనే దాళ్వా. మధ్యలో కొబ్బరితోటల్లో గట్లు, బోదెలు. రాత్రి పసులకి కుడితి పెట్టి, ఆసామి భోంచేశాక పెరట్లో దూరంగా పెట్టిన సత్తుగిన్నెలో కూడు తిని, ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్దరపోయేవారు. "మీ నాన్న మొకం నేను సూసింది దీపం ఎలుతుర్లోనేరా. పగలెప్పుడు సూశాను?" అని నాతో అనేవాడు.

సంసారమంటే ప్రాణం అన్నమాట ఇక్కడ పట్టుకోవాలి. భూమి ఉన్నవాడికి భార్యాపిల్లల్ని ప్రేమించటం పండగపూట పని. పాలేరుకి అది ఆసామి పొద్దులోంచి దొంగిలించుకోవాల్సిన పని. పిల్లకి జ్వరమొస్తే పక్కన కూర్చోటానికి ఒక పూట ఆగాడంటే అది నాగా. నాగా ఆసామి పుస్తకంలో ఎక్కుతుంది, ఏడాది చివర జీతంలోంచి ధాన్యం కోసేస్తారు. అయినా ఆయన ఆగేవాడు. మా చిన్నత్తకి ఆటలమ్మ పోసినప్పుడు మూడు రోజులు ఇల్లు కదల్లేదు. పెళ్లాం పక్కన కూర్చుంటాడని పేటలో ఎగతాళి చేసేవారు. ఆయనేం పట్టించుకోలేదు.

మా మామ్మకి చదువు లేదు. కానీ తాత నాగా పెట్టినప్పుడల్లా మట్టిగోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. ఉగాదికి ముందు ఆసామి లెక్క చూసేవాడు. ఒక ఏడు పుస్తకంలో పంతొమ్మిది నాగాలున్నాయి. గోడ మీద నాలుగే గీతలు. మామ్మ వెళ్లి వాకిట్లో దూరంగా నిలబడి "నాలుగేనండి బాబూ" అంది. "నీ గోడ గొప్పదా, నా పుస్తకం గొప్పదా?" అన్నాడట ఆసామి. మూడు బస్తాలు కోసేశాడు. ఊళ్లో పెద్దమనుషులు పుస్తకాన్నే నమ్మారు. రాసినవాడిదే సాక్ష్యం, గీసినవాడిది కాదు. చరిత్ర సంగతీ ఇంతే కదా.

మా తాతకి చదువు విలువ ఏ ఉపన్యాసం వల్లా తెలియలేదు. ఆ మూడు బస్తాల వల్ల తెలిసింది. మరుసటేడు ఆసామి మా నాన్నని పసులకాడికి పంపమన్నాడు. తాత తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "వోడు బడికెల్తన్నాడండి బాబూ" అన్నాడు. "చదివి కలెక్టరవుతాడేంట్రా?" "అవడండి. లెక్క సూసుకుంటాడండి." అంతే అన్నాడు. ఆ మాటకి పాలేరుతనం పోయింది. బాకీ మొత్తం వారంలో కక్కమన్నారు. మామ్మ వెండి కడియాలు అమ్మేసింది. తాత పగలు కూలికి వెళ్లి, రాత్రుళ్లు కొబ్బరికాయలు ఒలిచి మిగతాది తీర్చాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. మా ఇంట్లో దాన్ని ఇరవై ఏళ్ల ముందే ఇద్దరు నిరక్షరాస్యులు అమలు చేశారు.

ఇది ఒక్క మా తాత తెగువ అనుకోకూడదు. ఆ గాలి అప్పటికే గోదావరి మీద వీస్తోంది. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 1921లోనే 'మాకొద్దీ నల్లదొరతనము' రాశాడు. తెల్లదొర పోతే సరిపోతుందా, మా నెత్తినున్న నల్లదొర మాటేమిటని జాతీయోద్యమాన్నే నిలదీశాడు. 1911లో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాస్తే అది ఊరూరా ఆడింది. అది చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బళ్లో వేసినవాళ్లున్నారని కోనసీమలో చెప్పుకుంటారు. మా తాత ఆ నాటకం చూశాడో లేదో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. కానీ అలాంటి మాటలు రేవుల్లో, కళ్లాల్లో, చుట్ట కాల్చుకునే చోట చేతులు మారుతూనే ఉంటాయి.

మా నాన్న హాస్టల్లో ఉండి చదివి ఆర్టీసీ కండక్టరయ్యాడు. మొదటిసారి టిక్కెట్ల పుస్తకం ఇంటికి తెస్తే తాత దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇక పుత్తకం మన సేతుల్లోనూ ఉంది" అన్నాడట.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యటం నాకిష్టం లేదు. కొడుకుని చదివించాడు గానీ అత్తలిద్దర్నీ ఐదో తరగతితో మాన్పించాడు. ఒకామె ఊడ్పుల్లో నడుం వంచింది. రెండో ఆమె కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. కోనసీమ నుంచి ఎంతమంది దళిత ఆడవాళ్లు అలా గల్ఫ్‌కి వెళ్లారో పేట పేటకీ తెలుసు. ఇక మామ్మ సంగతి. తాత కష్టజీవి అన్న నోరు ఆమెని ఆ మాట అనలేదు. ఊడ్పుల్లో మగకూలి కన్నా తక్కువ కూలి తీసుకుని, ఇంటికొచ్చి వంట చేసి, ఆ పైన లెక్క కూడా రాసింది ఆమే. మా ఇంటి మొదటి చరిత్రకారిణి మా మామ్మ.

పాలేరుతనం వదిలాక తాత లంకల్లోకి వెళ్లాడు. గోదావరి మధ్య లంకభూముల్ని ప్రభుత్వం దళితుల ఫీల్డ్ లేబర్ సొసైటీలకి కౌలుకిచ్చేది. అందులో ఆయన వంతు అరెకరం. అరటి వేశాడు, మధ్యలో కంద వేశాడు. గెలలు పడవ మీద ఒడ్డుకి చేర్చి, సైకిలుకి రెండు పక్కలా కట్టి, ఏటిగట్టు మీద నడిపించుకుంటూ రావులపాలెం మార్కెట్టుకి తెచ్చేవాడు. ఆ మార్కెట్టు నుంచి గెలలు ఒడిశా, బెంగాల్ దాకా పోతాయి. పాటలో ధర పలికేది కొనేవాడు. మోసుకొచ్చినవాడు నిలబడి వినాలి. అయినా ఆయన బతుకులో తనది అనుకున్న భూమి అదొక్కటే.

1986 ఆగస్టులో గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. గట్లు తెగాయి. ఆ అరెకరం ఏట్లో కలిసిపోయింది. గట్టు కింద మా ఇల్లూ కూలింది. బొగ్గుగీతల గోడ బురదైపోయింది. మేం మూడు రోజులు గట్టు మీదే ఉన్నాం. తాత తడిగోనె కప్పుకుని మా అందర్నీ లెక్కపెడుతూ కూర్చున్నాడు, కోడిపిల్లల్ని లెక్కపెట్టినట్టు. ఇంకో పదేళ్లకి, 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఆ మరుసటేడు ఆయన పోయాడు. ఆసామి ఇంట్లో గోవుల లెక్కకీ, గొడ్ల లెక్కకీ పుస్తకాలున్నాయి. తాత చావు మాత్రం మా తలకాయల్లోనే ఉంది.

2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయింది. దానికి అంబేద్కర్ పేరు పెడతామనగానే మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలాయి. పేరు నిలిచింది, రావులపాలెం ఇప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. కానీ ఒక్క పేరుకి అంత మంట ఎందుకు లేచిందో ఆలోచించండి. మన శ్రమ వాళ్ల పొలంలో ఉన్నంతకాలం ఎవరికీ అభ్యంతరం లేదు. మన పేరు బోర్డు మీదికి, కాగితం మీదికి ఎక్కినప్పుడే అభ్యంతరం.

అందుకని చదువుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. మీ తాతలూ మామ్మలూ బతికుంటే ఇవాళే పక్కన కూర్చోండి. వాళ్లు ఎంత మంచివాళ్లో రాసి ఊరుకోకండి. జీతం ఎన్ని బస్తాలు, బాకీ ఎంత, నాగాకి ఎంత కోసేవారు, ఆడకూలి ఎంత, మగకూలి ఎంత, ఏ రేవులో నీళ్లు తోడుకోనిచ్చేవారు, ఎక్కడ దూరంగా నిలబెట్టేవారు, ఇవన్నీ అడిగి రాయండి. పొగడ్తల్లో మనవాళ్లు మాయమైపోతారు, లెక్కలో నిలబడతారు.

మా మామ్మ గీసినదాని ప్రకారం ఆ ఏడు నాగాలు నాలుగు. పుస్తకం ప్రకారం పంతొమ్మిది. పదిహేను రోజుల పనికి కోసేసిన ధాన్యం ఇంకా మాకు రావాలి. గోడ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.