ప్రమాదం తరువాత వైకల్య శాతం: పరిహారపు లెక్కలో దాని స్థానం

బెంగళూరు నుండి చెన్నైకి పోయే జాతీయ రహదారి హోసూరు, సూళగిరి, కృష్ణగిరుల మీదుగా సాగుతుంది. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుండి వేరుపడిన కృష్ణగిరి జిల్లాలో ఈ రహదారితో పాటు సిప్కాట్ కర్మాగారాలు, గ్రానైటు గనులు ఉన్నాయి. బాగలూరు, బేరికె, తళి, డెంకణికోట, వేపనపల్లి ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఎందరికో బ్రతుకు తెరువు ఈ మూడింటితోనే ముడిపడి ఉన్నది. కాలు విరిగినవాడో, వేలు తెగినవాడో ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాత మొదట వినిపించే మాట "డాక్టరు ఎంత శాతం వ్రాశాడు?" అన్నదే. ఎంత శాతం వ్రాస్తే అంత సొమ్ము చేతికి వస్తుందన్న నమ్మకం పల్లెలలో బలంగా పాతుకుపోయింది. చట్టం చెప్పేది అది కాదు.

వైద్యుడు కొలిచేది శరీరానికి కలిగిన లోపం. మోకాలు ఎంతవరకు ముడుచుకుంటున్నది, ఎముక ఎంత కురచైనది, పిడికిలిలో పట్టు ఎంత మిగిలినది అన్నవి చూచి, ఆ అవయవానికి ఇంత శాతం అని వ్రాస్తాడు. న్యాయస్థానం కొలిచేది సంపాదనకు కలిగిన నష్టం. ఈ రెండింటి నడుమ ఇంకొక మెట్టు ఉన్నది: ఒక అవయవపు శాతాన్ని మొత్తం శరీరానికి అన్వయించడం. కాలిలో 45 శాతం అంటే మనిషిలో 45 శాతం అని అర్థం కాదు. ధ్రువపత్రంలో "ఎడమ కాలికి" అని ఉన్నదా, "మొత్తం శరీరానికి" అని ఉన్నదా అన్నది ముందుగా చూడవలసిన విషయం. ఏదీ వ్రాయకుండా వట్టి అంకె మాత్రమే వేసి ఇచ్చిన పత్రం బీమా కంపెనీ న్యాయవాదికి మంచి ఆయుధం.

ఈ విషయంలో నేటికీ ఆధారంగా నిలిచే తీర్పు 2010 అక్టోబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పు. కుడిచేతికి 60 శాతం, ఎడమ కాలికి 80 శాతం లోపం ఉంటే రెండూ కూడి 140 శాతం కాబోదని న్యాయస్థానం అందులో వివరించింది. బాధితుడు ఇప్పుడు ఏయే పనులు చేయగలడు, ఏవి చేయలేడు. ప్రమాదానికి ముందు అతని వృత్తి, వయస్సు ఏమిటి. పాత పని పూర్తిగా పోయినదా, కొంత సాగుతుందా, లేక వేరొక పనితో బ్రతకగలడా అన్నవి వరుసగా తేల్చుకొమ్మని ట్రిబ్యునళ్ళను ఆదేశించింది. శరీర లోపం ఎంతో చెప్పడం వైద్యుని పని, సంపాదన నష్టం ఎంతో తేల్చడం ట్రిబ్యునల్ పని అని గీత గీసింది. ఆ కేసులోని వ్యక్తి చీజ్ అమ్ముకునే చిరువర్తకుడు. అతని ఎడమ కాలికి 45 శాతం వైకల్యమని పత్రం ఉన్నప్పటికీ, సంపాదన నష్టాన్ని సుప్రీంకోర్టు 20 శాతంగానే నిర్ణయించింది.

దీనిని చూచి నిరాశ పడనక్కరలేదు, ఇదే సూత్రం పైకీ పోతుంది. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో ఒక వడ్రంగి సినిమాహాలు పనిలో పడిపోయి ఎడమచేతిని మోచేతికి పైన కోల్పోయాడు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక ఆ నష్టం నూటికి నూరు శాతమన్న నిర్ణయాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. 2021 అక్టోబరులో జితేంద్రన్ కేసులో వైద్యమండలి 69 శాతం అని వ్రాసినా, తలకు తగిలిన దెబ్బ వలన మాట, ఆలోచన దెబ్బతిన్న ఆ యువకునికి సంపాదన నష్టం నూరు శాతమని తీర్పు వచ్చింది. కనుక గుమాస్తాకు చిన్న లోపమైనది గనిలో రాళ్ళు కోసేవానికి బ్రతుకుతెరువే పోవడం కావచ్చు. బాధితుడు ఏమి పని చేసేవాడో రుజువు చేయని కుటుంబం తన బలాన్ని తానే వదులుకున్నట్లు.

అంకెలలో ఈ తేడా ఎంతో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. 32 ఏళ్ళ తాపీమేస్త్రీ నెల ఆదాయం 15,000 రూపాయలుగా రుజువైనదనుకుందాం. స్వంత పని చేసుకునే 40 ఏళ్ళలోపు వారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది. గాయాల కేసులకూ ఇది వర్తిస్తుందని 2020లో స్పష్టమైనది. అప్పుడు నెలకు 21,000, ఏడాదికి 2,52,000 అవుతుంది. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 31 నుండి 35 ఏళ్ళ వారికి గుణకం 16. వచ్చే మొత్తం 40,32,000. సంపాదన నష్టం 10 శాతమైతే 4,03,200. 25 శాతమైతే 10,08,000. 40 శాతమైతే 16,12,800. బ్రతికి ఉన్న బాధితుని విషయంలో స్వంత ఖర్చుల కింద మూడవ వంతు కోత పెట్టరాదు. వైద్య ఖర్చులు, పని లేని నెలల ఆదాయం, నొప్పి, బాధ, లోపల ఉన్న ప్లేటు తీయించడానికి కాబోయే ఖర్చు వేరుగా అడగవచ్చు.

తమిళనాడు ట్రిబ్యునళ్ళలో మరొక పద్ధతి కూడా ఉన్నది: సంపాదన నష్టం రుజువు కానప్పుడు ఒక్కొక్క శాతానికి ఇన్ని వేల రూపాయలని లెక్క కట్టడం. పల్లెలలోని నమ్మకం దీని నుండే పుట్టి ఉండవచ్చు. గుణకం ప్రకారం సంపాదన నష్టం ఇచ్చినప్పుడు, అదే వైకల్యానికి మళ్ళీ వేరుగా సొమ్ము ఇవ్వరాదని మద్రాసు హైకోర్టు పూర్తి ధర్మాసనం 2006లో చోళన్ రోడ్‌వేస్ కేసులో తేల్చింది.

ధ్రువపత్రం ఎప్పుడు తీసుకోవాలి? గాయం మాని, ఇక మెరుగు పడదని తేలిన తరువాతనే. కట్టు విప్పిన వారంలో తీసుకున్న పత్రం నిలువదు. తెగిపోయిన వేలి విషయంలో ఇంత వేచి చూడనక్కరలేదు. ఎవరు ఇవ్వాలన్నది ఇంకా ముఖ్యం. చికిత్స చేయని వైద్యుడు, కోర్టు పత్రాల కోసమే చూచి ఇచ్చిన శాతాన్ని జాగ్రత్తగా పరిశీలించాలని సుప్రీంకోర్టు హెచ్చరించింది. సందేహం వస్తే ట్రిబ్యునల్ బాధితుని వైద్యమండలికి పంపవచ్చు. పత్రం ఒక్కటే చాలదు. ఇచ్చిన వైద్యుడు సాక్ష్యం చెప్పి, అడ్డు ప్రశ్నలకు జవాబు ఇవ్వాలి. సరిహద్దు కుటుంబాల చిక్కు ఇక్కడే. దెబ్బ తగిలినది సూళగిరి దగ్గర, శస్త్రచికిత్స జరిగినది బెంగళూరులో, కేసు నడిచేది హోసూరులోనో కృష్ణగిరిలోనో. పని ఒత్తిడిలో ఉన్న వైద్యుడు అంత దూరం రావడానికి ఇష్టపడడు. అటువంటప్పుడు కమిషనరును నియమించి ఆసుపత్రిలోనే సాక్ష్యం నమోదు చేయించే వీలున్నదని రాజ్ కుమార్ తీర్పే సూచించింది. ఈ కోరిక న్యాయవాది చేత అడిగించుకోవాలి.

కాగితాలలో పేరు మరొక తలనొప్పి. ఎఫ్.ఐ.ఆర్. తమిళంలో, డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో, ఆధార్‌లో ఇంకొక విధంగా ఇంటిపేరు ఉంటే, గాయపడినవాడూ అర్జీదారుడూ ఒక్కడేనా అన్న ప్రశ్న లేస్తుంది. ఆసుపత్రిలో చేర్చే రాత్రి ఇది ఎవరికీ తోచదు, తరువాతనైనా సరిచేయించాలి. ఎక్స్‌రేలు, బిల్లులు అసలువి దాచాలి.

కేసు ఎక్కడ వేయాలన్న దానిలో సరిహద్దు అడ్డు కాదు. ప్రమాదం జరిగిన చోటనే గాక బాధితుడు నివసించే చోట కూడా అర్జీ పెట్టుకోవచ్చు. అత్తిబెలె దగ్గర దెబ్బ తగిలిన బాగలూరు మనిషి హోసూరులోనే వేయవచ్చు. తమిళనాడులో ఎం.సి.ఓ.పి. అనేదే కర్ణాటకలో ఎం.వి.సి., ఆంధ్రలో ఎం.వి.ఓ.పి.; చట్టం ఒక్కటే. 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన సవరణ ప్రకారం గడువు ఆరు నెలలు. గడువు దాటిందన్న కారణంతో అర్జీలు కొట్టివేయవద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినా, దానిని నమ్ముకొని కూర్చోవడం వివేకం కాదు.

కర్మాగారంలో, గనిలో జరిగిన గాయానికి దారి వేరు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. ఇక్కడ కొన్ని గాయాలకు శాతం ముందే పట్టికలో వ్రాసి ఉంటుంది: బొటనవేలు పోతే 30, ఒక చేతి నాలుగు వేళ్ళూ పోతే 50. నెలకు 15,000 జీతం లెక్కన 30 ఏళ్ళ కార్మికునికి బొటనవేలు పోతే, జీతంలో 60 శాతాన్ని వయస్సు గుణకం 207.98తో హెచ్చించి, అందులో 30 శాతం తీస్తే 5,61,546 రూపాయలు. పట్టికలో లేని గాయానికి సంపాదన నష్టాన్ని కూడా వైద్యుడే అంచనా కట్టాలి. మోటారు కేసుకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. ఇ.ఎస్.ఐ. చందా కట్టినవారు యజమానిని విడిగా పరిహారం అడగలేరు, వారికి ఇ.ఎస్.ఐ. వైద్యమండలి నిర్ణయించిన శాతం మేరకు జీవితాంతం నెలసరి చెల్లింపు వస్తుంది.

ప్రభుత్వం ఇచ్చే యు.డి.ఐ.డి. కార్డు కూడా శాతం చూపుతుంది. అది పింఛను, రాయితీల కొరకు. 40 శాతం గాని అంతకు మించి గాని ఉంటే చాలా పథకాలకు అర్హత. ఒక్కటికి మించిన చలన లోపాలను అక్కడ వట్టిగా కూడరు. పెద్ద శాతానికి, చిన్న శాతాన్ని 90లో మిగిలిన భాగంతో హెచ్చించి 90తో భాగించి కలుపుతారు. 40, 30 కలిస్తే 70 కాదు, సుమారు 56.7. ఈ కార్డు ట్రిబ్యునల్‌లో సాక్ష్యంగా పనికివచ్చినా, సంపాదన నష్టాన్ని అది ఒక్కటే తేల్చదు.

న్యాయవాది ఖర్చు భరించలేని వికలాంగులకు, మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి 1987 నాటి చట్టం కింద జిల్లా న్యాయసేవల అథారిటీ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఆసుపత్రి గేటు దగ్గరే సంతకం అడిగే మధ్యవర్తికి వకాలతు ఇవ్వడానికి ముందు ఆ కార్యాలయం మెట్లు ఎక్కవచ్చు.